సర్ట్-మేనేజర్ పెట్టాక కూడా సర్టిఫికెట్ గడువు దాటే ప్రమాదం ఎక్కడెక్కడ మిగులుతుంది?

పాకాల_చెరువు

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో ఒక కంపెనీ ప్లాట్‌ఫామ్ టీమ్‌లో పనిచేస్తున్నాను. మాకు రెండు కుబెర్నెటీస్ (కంటైనర్లలోని సర్వీసులను నడిపించే వ్యవస్థ) క్లస్టర్లు ఉన్నాయి. ఒకటి క్లౌడ్‌లో, మేనేజ్డ్. రెండోది సొంత డేటా సెంటర్‌లో క్యూబ్‌ఏడీఎం అనే టూల్‌తో కట్టింది. ఇన్నాళ్లూ సైట్‌కు సురక్షిత కనెక్షన్ (టీఎల్‌ఎస్) ఇచ్చే ఏడాది సర్టిఫికెట్లు కొనడం, ఎక్సెల్ షీట్‌లో గడువు రాసుకోవడం, దగ్గరపడ్డాక ఎవరో ఒకరు కొత్తది తెచ్చి సీక్రెట్‌లో (క్లస్టర్‌లో కీలు, పాస్‌వర్డ్‌లు దాచే చోటు) పెట్టడం, ఇదే పద్ధతి. 2026 మార్చి 15 నుంచి సర్టిఫికెట్లకు 200 రోజులకు మించి గడువు ఇవ్వట్లేదు కాబట్టి ఈ షీట్‌తో ఇక నెట్టుకురాలేమని మా మేనేజర్ గారు కూడా ఒప్పుకున్నారు.

సర్టిఫికెట్లను తనంతట తానే తెచ్చి రెన్యూ చేసే సర్ట్-మేనేజర్ పెట్టాలని నిర్ణయించాం. ఇన్‌స్టాల్ చేయడం గురించి అడగట్లేదు, దానికి డాక్యుమెంటేషన్ ఉంది. పెట్టేశాక నిశ్చింతగా ఉండొచ్చా, లేక అప్పుడు కూడా ఏదో ఒక మూల నుంచి గడువు దాటి సైట్ పడిపోయే అవకాశం ఉందా? ఉంటే ఎక్కడ? ప్రొడక్షన్‌లో నడిపినవాళ్లు చెప్పండి. డేటా సెంటర్ క్లస్టర్‌కు బయటి ఇంటర్నెట్ నుంచి 80 పోర్టు తెరిచి లేదు, అది కూడా దృష్టిలో పెట్టుకోండి.

నల్లమల

మంచి ప్రశ్న. ముందు కాలపట్టిక పూర్తిగా రాస్తాను, ఎందుకంటే 200 రోజులతో ఇది ఆగదు. సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థలు (సీఏలు), బ్రౌజర్ కంపెనీలు కలిసి ఉండే సీఏ బ్రౌజర్ ఫోరమ్ 2025 ఏప్రిల్‌లో ఆమోదించిన తీర్మానం ప్రకారం 2026 మార్చి 15 నుంచి గరిష్ఠ గడువు 200 రోజులు, 2027 మార్చి 15 నుంచి 100, 2029 మార్చి 15 నుంచి 47. అంతకు ముందు 2020 సెప్టెంబర్ నుంచి 398 ఉండేది. దీని పక్కనే ఇంకో అంకె ఉంది, దాన్ని చాలామంది చూడట్లేదు. డొమైన్ మనదేనని ఒకసారి నిరూపించుకున్నాక ఆ రుజువును మళ్లీ వాడుకునే వ్యవధి కూడా తగ్గుతూ 2029కి 10 రోజులకు వస్తుంది. అంటే సర్టిఫికెట్ తెచ్చిన ప్రతిసారీ దాదాపుగా డొమైన్ రుజువు కూడా కొత్తగా చూపించాలి. డీఎన్‌ఎస్ రికార్డు చేత్తో పెట్టే పద్ధతి అక్కడితో ముగిసిపోతుంది.

ఉచితంగా సర్టిఫికెట్లు ఇచ్చే సీఏ అయిన లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఇంకా ముందే వెళ్తోంది. మొదలైనప్పటి నుంచీ 90 రోజులే ఇస్తున్నవాళ్లు, మామూలు సర్టిఫికెట్లను 2027 ఫిబ్రవరిలో 64కి, 2028 ఫిబ్రవరిలో 45కి తగ్గిస్తామని ప్రకటించారు. కోరుకున్నవాళ్లకు ఆరు రోజులవి కూడా ఇస్తున్నారు.

ఇప్పుడు సర్ట్-మేనేజర్ లోపల జరిగేది. మీరు రాసే వస్తువులు రెండే: ఏ సీఏ దగ్గర తేవాలో చెప్పే ఇష్యూయర్ లేదా క్లస్టర్ ఇష్యూయర్ ఒకటి, ఏ పేర్లకు కావాలో చెప్పే సర్టిఫికెట్ ఒకటి. మిగతావి అదే పుట్టిస్తుంది. సర్టిఫికెట్ నుంచి సర్టిఫికెట్ రిక్వెస్ట్, దాన్నుంచి ఆర్డర్, ఆర్డర్ నుంచి ఒక్కో పేరుకి ఒక చాలెంజ్, అంటే ఆ డొమైన్ మనదేనని రుజువు చేసే పరీక్ష. అన్నీ నెగ్గితే చివరికి మీరు చెప్పిన పేరుతో సీక్రెట్ తయారవుతుంది. ఎక్కడైనా ఆగిపోతే ఈ వరుసలోనే కిందికి దిగుతూ ఒక్కోదాన్నీ క్యూబ్‌సీటీఎల్ అనే కుబెర్నెటీస్ కమాండ్‌తో డిస్క్రైబ్ చేసి చూడాలి. అసలు కారణం ఎప్పుడూ అడుగున, చాలెంజ్‌లో ఉంటుంది. పైన సర్టిఫికెట్‌లో మాత్రం సిద్ధంగా లేదు అని ఒక్క ముక్కే కనిపిస్తుంది. కొత్తగా వచ్చినవాళ్లు అది చూసి అక్కడే కూర్చుంటారు.

మామూలుగా గడువులో మూడింట రెండొంతులు గడిచాక రెన్యూవల్ మొదలవుతుంది. 90 రోజులదైతే 60 రోజులకు. మిగిలిన 30 రోజులు మీకు దొరికిన సమయం. గడువు తగ్గేకొద్దీ ఈ సమయమూ తగ్గుతుంది, 45 రోజులదానికి 15 రోజులే. అందుకని గడువుకు ఎంత ముందు రెన్యూ చేయాలో చెప్పే రెన్యూ బిఫోర్ దగ్గర రోజుల లెక్క గట్టిగా రాసిపెట్టకండి. అసలు రాయకుండా వదిలేయండి, లేదా శాతంలో ఇవ్వండి.

రాత్రి_డ్యూటీ

నల్లమల అన్న చెప్పింది కరెక్ట్. నేనొకటి కలుపుత. తమ్మీ, మొట్టమొదలు స్టేజింగ్ సర్వర్ మీదనే చెయ్యి. లెట్స్ ఎన్‌క్రిప్ట్‌కు స్టేజింగ్ వేరే ఉంటది, దాని సర్టిఫికెట్ బ్రౌజర్ నమ్మదు, కానీ లిమిట్లు మస్తు ఎక్కువ. అసలు సర్వర్ మీద ఒకే పేర్ల జాబితాకు 7 రోజుల్ల 5 సర్టిఫికెట్లే. ఒక రిజిస్టర్డ్ డొమైన్‌కు 7 రోజుల్ల 50. చాలెంజ్ ఓడిపోతే ఒక్కో పేరుకు గంటకు 5 సార్లు, అటెన్క ఆపేస్తరు.

ఇదివరకు నేను పనిచేసిన ఒక దగ్గర టెస్ట్ పైప్‌లైన్ ప్రతి బిల్డ్‌కు నేమ్‌స్పేస్ (క్లస్టర్‌ల ఒక విభాగం) మొత్తం చెరిపేసి మళ్ల కట్టేది. సీక్రెట్ కూడా పోయేది. దాంతోని ప్రతిసారి అదే పేరుకు కొత్త సర్టిఫికెట్ అడుగుడే. మధ్యాహ్నానికి 5 అయిపోయినయ్. ఆ లిమిట్‌ను ఫోన్ చేసి ఎత్తేయించుకునుడు కుదరదు, ఆగాల్సిందే. టెస్ట్‌కు పబ్లిక్ సర్టిఫికెట్ ఎందుకు అనేది అక్కడ ఎవ్వరు అడగలే.

ఇంకొకటి, ఫెయిల్ అయినంక సర్ట్-మేనేజర్ వెంటనే మళ్ల ప్రయత్నం చెయ్యదు. మొదలు గంట ఆగుతది, తర్వాత రెండు, నాలుగు, గట్ల పెంచుకుంట 32 గంటల దాక పోతది. నువ్వు సమస్య సరిచేసినా అది నిద్రలనే ఉంటది. సీఎంసీటీఎల్ అని దాని సొంత కమాండ్ ఉంది, దాంతోని రెన్యూ అని కొడితే అప్పుడే లేస్తది. మనం సరిచేసింది పనిచెయ్యలేదనుకొని ఇంకేదో మార్చి చెడగొట్టుకునేటోళ్లు మస్తుమంది.

పాకాల_చెరువు

చాలా థాంక్స్ అన్నా. డేటా సెంటర్ క్లస్టర్‌కు హెచ్‌టీటీపీ-01 (80 పోర్టు ద్వారా చూపే రుజువు) కుదరదు కాబట్టి డీఎన్‌ఎస్-01 (డీఎన్‌ఎస్ రికార్డు ద్వారా చూపే రుజువు) ఒక్కటే దారి కదా? చిక్కేమిటంటే డీఎన్‌ఎస్ మా చేతిలో లేదు, నెట్‌వర్క్ టీమ్ చూస్తుంది. మా డొమైన్ రికార్డులన్నీ ఉండే జోన్ మొత్తాన్ని మార్చగల ఏపీఐ కీ క్లస్టర్‌లో పెడతామంటే వాళ్లు ససేమిరా అంటున్నారు. వాళ్లదీ తప్పని అనలేను.

కృష్ణా_కరకట్ట

వాళ్లు చెప్పేదే సరైనది అండీ. ఆ కీ బయటపడితే మీ ఎంఎక్స్ రికార్డు మార్చి మెయిల్ మళ్లించుకోవచ్చు, సైట్ ఐపీ చిరునామా చెప్పే 'ఏ' (A) రికార్డు మార్చి సైట్‌నే మళ్లించుకోవచ్చు. గడువు దాటిన సర్టిఫికెట్ కంటే అది చాలా పెద్ద ప్రమాదం. అదృష్టం కొద్దీ దీనికి శుభ్రమైన పరిష్కారం ఉంది.

డీఎన్‌ఎస్-01లో సీఏ వెతికేది ఒకే ఒక్క చోట: మీ పేరు ముందు అండర్‌స్కోర్ ఆక్మీ చాలెంజ్ అని (ఆక్మీ అంటే సర్టిఫికెట్లు ఆటోమేటిగ్గా తెచ్చుకునే ప్రోటోకాల్) చేర్చిన పేరు దగ్గర టీఎక్స్‌టీ రికార్డు. ఆ పేరును సీనేమ్‌తో ఇంకో జోన్‌కు మళ్లించవచ్చు. సీఏ ఆ సీనేమ్ వెంటే వెళ్లి చూస్తుంది. కాబట్టి చాలెంజ్‌ల కోసమే ఒక చిన్న జోన్ విడిగా పెట్టండి. నెట్‌వర్క్ టీమ్ వాళ్లు అసలు జోన్‌లో ఒక్కో పేరుకూ ఒక సీనేమ్ ఒక్కసారి పెట్టి వదిలేస్తారు. క్లస్టర్‌లో ఉండే కీకి ఆ చిన్న జోన్ మీద మాత్రమే అధికారం. ఇష్యూయర్‌లో సాల్వర్ (చాలెంజ్ పూర్తిచేసే భాగం) కింద సీనేమ్ స్ట్రాటజీ అనేదాన్ని ఫాలో అని పెట్టాలి, లేకపోతే అది అసలు జోన్‌లోనే రాయబోయి ఫెయిల్ అవుతుంది. రూట్53, క్లౌడ్‌ఫ్లేర్, అజూర్, గూగుల్ క్లౌడ్ డీఎన్‌ఎస్ అన్నింటికీ సాల్వర్లు దాంట్లోనే ఉన్నాయి. సొంత బైండ్ డీఎన్‌ఎస్ సర్వర్ అయితే ఆర్‌ఎఫ్‌సీ 2136 అప్‌డేట్‌తో నడుస్తుంది.

డేటా సెంటర్ అన్నారు కాబట్టి ఇంకో గోతి గురించి. సీఏను పిలిచే ముందు సర్ట్-మేనేజర్ తనంతట తాను ఆ రికార్డు కనిపిస్తోందా అని చూసుకుంటుంది. మీ దగ్గర లోపలి డీఎన్‌ఎస్ వేరు, బయటిది వేరు అయితే అది లోపలిదాన్ని అడిగి, రికార్డు లేదనుకుని, అలా ఎదురుచూస్తూనే ఉంటుంది. చాలెంజ్ రోజంతా పెండింగ్‌లోనే కనిపిస్తుంది. కంట్రోలర్‌కు బయటి రిజాల్వర్ల (డీఎన్‌ఎస్ పేర్లు వెతికిపెట్టే సర్వర్ల) చిరునామాలు ఇచ్చి, వాటినే వాడమని చెప్పే రెండు ఫ్లాగులు ఉన్నాయి, రికర్సివ్ నేమ్‌సర్వర్స్ అని వెతకండి. ఫైర్‌వాల్‌లో క్లస్టర్ నుంచి బయటికి 53 పోర్టు తెరవాలి. ఆ అనుమతి కాగితం ఇప్పుడే పెట్టుకోండి, దానికే ఎక్కువ ఆలస్యం అవుతుంది.

సీఏఏ రికార్డు కూడా చూసుకోండి. ఏ సీఏ మీకు సర్టిఫికెట్ ఇవ్వొచ్చో చెప్పేది అది. ఇన్నాళ్లూ కొన్న సీఏ పేరు మాత్రమే అందులో ఉంటే కొత్త సీఏ నిరాకరిస్తుంది. వీలైతే ఆ రికార్డులోనే మీ ఆక్మీ ఖాతా చిరునామా కూడా చేర్చండి, లెట్స్ ఎన్‌క్రిప్ట్ దాన్ని గౌరవిస్తుంది. అప్పుడు ఇంకెవరైనా డీఎన్‌ఎస్ చాలెంజ్ ఎలాగో నెగ్గినా మీ ఖాతా కాకపోతే సర్టిఫికెట్ రాదు. కానీ అలా చేస్తే ఖాతా ప్రైవేట్ కీ ఉన్న సీక్రెట్‌ను తప్పకుండా బ్యాకప్ చేయండి. క్లస్టర్ పోయి కొత్త ఖాతా పుడితే మీకే సర్టిఫికెట్ రాదు.

డల్లాస్_తెలుగు

సీనేమ్ పద్ధతి మేమూ వాడుతున్నాం, బాగా పనిచేస్తుంది. డీఎన్‌ఎస్-01 దొరికింది కదా అని అందరూ తర్వాత చేసే పని ఒకటుంది, దాన్ని ఆపాలని రాస్తున్నాను. అన్ని సబ్‌డొమైన్‌లకూ పనికొచ్చే ఒక్క వైల్డ్‌కార్డ్ సర్టిఫికెట్ తెచ్చి, దాన్ని రిఫ్లెక్టర్ లాంటి టూల్‌తో అన్ని నేమ్‌స్పేస్‌లకూ కాపీ చేసి, ఇక పని అయిపోయింది అనుకోవడం. ఆ ప్రైవేట్ కీ చదవగలిగే వాళ్లెవరో తర్వాత ఎవరూ చెప్పలేరు. ఏదో ఒక మూల నేమ్‌స్పేస్‌లో ఒక డెవలపర్‌కు సీక్రెట్లు చదివే అనుమతి ఉంటే, లాగిన్ పేజీ, పేమెంట్ పేజీ, అన్నింటి కీ అతని చేతిలో ఉన్నట్టే. ఇంటికీ బీరువాకూ బండికీ ఒకే తాళంచెవి చేయించుకోం కదా. ఆటోమేషన్ వచ్చిందే ఒక్కో సర్వీసుకు ఒక్కో సర్టిఫికెట్ పెట్టుకునే ఖర్చు తీసేయడానికి. చేత్తో చేసే రోజుల్లో వైల్డ్‌కార్డ్ అవసరం, ఇప్పుడు కాదు.

కృష్ణా_కరకట్ట

చాలావరకు ఒప్పుకుంటాను, పూర్తిగా కాదు. పబ్లిక్ సర్టిఫికెట్లన్నీ సర్టిఫికెట్ ట్రాన్స్‌పరెన్సీ లాగ్‌లలోకి వెళ్తాయి, ఎవరైనా చూడొచ్చు. విడుదల కాని ఉత్పత్తి పేరుతో సబ్‌డొమైన్ పెడితే అది సర్టిఫికెట్ వచ్చిన కాసేపట్లోనే లోకానికి తెలుస్తుంది. ప్రతి ఫీచర్ బ్రాంచ్‌కూ ఒక తాత్కాలిక చిరునామా పుట్టించే టీములకు ఒక్కోదానికీ విడిగా తీసుకుంటే వారానికి 50 అన్న లిమిట్ కూడా అడ్డు. అలాంటి చోట ఆ టెస్ట్ సబ్‌డొమైన్‌కు మాత్రమే పరిమితమైన వైల్డ్‌కార్డ్ ఒకటి, ఇంగ్రెస్ (బయటి ట్రాఫిక్‌ను లోపలికి పంపే ద్వారం) ఉన్న నేమ్‌స్పేస్‌లోనే, కాపీలు లేకుండా. అసలు డొమైన్ మొత్తానికి వైల్డ్‌కార్డ్ వద్దన్న మీ మాట మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం.

డల్లాస్_తెలుగు

అలాగైతే నాకు అభ్యంతరం లేదు. గేట్‌వే దగ్గర ఒక్క చోటే ఉండి, కాపీలు లేకపోతే నష్టం హద్దులో ఉంటుంది.

రాత్రి_డ్యూటీ

అందరు సర్టిఫికెట్ తెచ్చుడు గురించే రాస్తున్నరు. తమ్మి అడిగింది ఎక్కడ పడిపోతదని. నేను చూసినంతల ఎక్కువసార్లు పడిపోయేది తెచ్చుకున్న తర్వాత. సీక్రెట్‌ల కొత్త సర్టిఫికెట్ వచ్చి ఉంటది, డాష్‌బోర్డ్ పచ్చగ ఉంటది, సర్ట్-మేనేజర్ తన పని చేసింది. కానీ నడుస్తున్న ప్రాసెస్ మెమరీల పాతదే ఉంటది. గడువు దాటినంక బ్రౌజర్‌ల ఎర్ర పేజీ వస్తది, క్యూబ్‌సీటీఎల్‌ల చూస్తే అంతా మంచిగనే ఉంటది. రాత్రి రెండు గంటలకు ఈ రెండు కలవకపోతే మనిషి పరేషాన్ అయితడు.

ఇంగ్రెస్ కంట్రోలర్లకు ఈ బాధ లేదు, అవి సీక్రెట్‌ను గమనించి మారంగనే తీసుకుంటయ్. బాధ అంతా పాడ్ (కంటైనర్లు నడిచే యూనిట్) లోపల టీఎల్‌ఎస్ తానే చేసుకునే సర్వీసులతోని. సీక్రెట్‌ను మామూలు వాల్యూమ్‌గ మౌంట్ చేస్తే ప్రతి మెషీన్ మీద నడిచే క్యూబ్‌లెట్ కొద్దిసేపట్ల ఫైల్ మారుస్తది. సబ్‌పాత్ పెట్టి మౌంట్ చేస్తే మాత్రం పాడ్ బతికి ఉన్నంతకాలం ఆ ఫైల్ మారనే మారదు. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ చేసినా అంతే. సరే, ఫైల్ మారింది అనుకో, ప్రోగ్రాం దాన్ని మళ్ల చదవాలె కదా? స్టార్ట్ అయినప్పుడు ఒక్కసారి చదివి ఊరుకునేవి చానా ఉన్నయ్. జావాల స్ప్రింగ్ బూట్ 3.2 నుంచి ఎస్‌ఎస్‌ఎల్ బండిల్‌కు రీలోడ్ ఆన్ అప్‌డేట్ అని ఒక సెట్టింగ్ వచ్చింది, అది ఆన్ చెయ్యి. గో ప్రోగ్రాంలల్ల గెట్ సర్టిఫికెట్ అనే ఫంక్షన్ ఇచ్చి అండ్ల ఫైల్ కొత్తగ చదివించొచ్చు. కోడ్ ముట్టుకునే వీలు లేకపోతే స్టకేటర్ వాళ్ల రీలోడర్ పెట్టు, సీక్రెట్ మారంగనే డిప్లాయ్‌మెంట్‌ను మెల్లగ రీస్టార్ట్ చేస్తది.

అందుకని ఒక పని చెయ్యి. ప్రొడక్షన్‌కు పోయే ముందు ప్రతి సర్వీస్‌కు బలవంతంగ ఒకసారి రెన్యూ చెయ్యి, పాడ్‌ను ముట్టుకోకు, బయటి నుంచి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ఎస్-క్లయింట్‌తోని సీరియల్ నంబర్ చూడు. మారితే పాస్. గట్ల చెయ్యనిదాన్ని ఆటోమేషన్ అనొద్దు.

నల్లమల

పై పోస్టును పిన్ చేయాలి. దానికి ఒక్క చేర్పు. సర్ట్-మేనేజర్ 1.18 నుంచి రెన్యూవల్ ప్రతిసారీ ప్రైవేట్ కీ కూడా కొత్తదే పుడుతుంది. అంతకు ముందు చెప్పకపోతే పాత కీనే కొనసాగించేది. భద్రతకు ఇదే మంచిది. కానీ ఏ మొబైల్ యాప్‌లోనో, భాగస్వామి సర్వర్‌లోనో మీ పబ్లిక్ కీని పిన్ చేసి (అది తప్ప ఇంకోటి ఒప్పుకోకుండా) ఉంటే అప్‌గ్రేడ్ తర్వాత వచ్చే మొదటి రెన్యూవల్ రోజున అది తెగిపోతుంది. పిన్నింగ్ తీయించండి. అది కుదిరేదాకా ఆ ఒక్క సర్టిఫికెట్‌కు రొటేషన్ పాలసీని నెవర్ అని రాసి ఉంచండి.

భద్రతా_బెంచీ

పర్యవేక్షణ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి అది నా వంతు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ నుంచి గడువు దగ్గరపడిందని వచ్చే మెయిళ్లు 2025 జూన్ 4తో ఆగిపోయాయి. ఇప్పటికీ ఆ మెయిల్ వస్తుందనే ధైర్యంతో ఉన్న టీములను చూస్తున్నాను. అది రాదు. మీరే చూసుకోవాలి.

రెండు వైపుల నుంచి చూడాలి. లోపలి నుంచి సర్ట్-మేనేజర్ ప్రొమీథియస్ అనే మానిటరింగ్ టూల్‌కు ఇచ్చే అంకెలు: సర్టిఫికెట్ సిద్ధంగా ఉందా, ఎప్పుడు ముగుస్తుంది, ఎప్పుడు రెన్యూ కావాలి. బయటి నుంచి బ్లాక్‌బాక్స్ ఎక్స్‌పోర్టర్, నిజంగా కనెక్ట్ అయి, వినియోగదారుడికి కనిపించే సర్టిఫికెట్ ఎప్పుడు ముగుస్తుందో చెబుతుంది. రాత్రి డ్యూటీ గారు చెప్పిన సమస్య మొదటిదానికి కనిపించదు, రెండోదానికి మాత్రమే కనిపిస్తుంది. ఒక్కటే పెట్టగలిగితే రెండోదే పెట్టండి. సర్వీస్ ముందు లోడ్ బ్యాలెన్సర్లు చాలా ఉంటే ఒక్కో ఐపీనీ విడివిడిగా చూడాలి. ఒక్కదాంట్లో పాతది మిగిలిపోయి కొందరికే ఎర్ర పేజీ వచ్చే సందర్భాలు పట్టుకోవడం కష్టం.

అలర్ట్ ఎలా రాయాలన్నది ముఖ్యం. "30 రోజుల్లో ముగుస్తుంది" అని రాసే అలవాటు ఇక పనికిరాదు. ఆరు రోజుల సర్టిఫికెట్‌కు ఆ అలర్ట్ పుట్టినప్పటి నుంచీ మోగుతూనే ఉంటుంది, జనం దాన్ని పట్టించుకోవడం మానేస్తారు. రెన్యూ కావాల్సిన సమయం దాటి కొన్ని గంటలైనా ఇంకా కొత్తది రాకపోతే మోగాలి. అప్పుడు గడువు ఎంతైనా అలర్ట్ మార్చనక్కర్లేదు. ఇంకో అలర్ట్, సర్ట్-మేనేజర్ పాడ్ అసలు నడుస్తోందా లేదా అని. అది చచ్చిపోతే అంకెలే రావు, అంకెలు రాకపోతే మామూలు అలర్ట్ మౌనంగా ఉంటుంది.

ఇది చిన్న విషయం అనుకునేవాళ్ల కోసం: 2018 డిసెంబర్ 6న బ్రిటన్‌లో ఓ2 వినియోగదారులకు డేటా ఆగిపోయింది, అదే రోజు జపాన్‌లో సాఫ్ట్‌బ్యాంక్ కూడా పడింది. ఎరిక్సన్ సాఫ్ట్‌వేర్‌లో ఒక సర్టిఫికెట్ గడువు ముగియడమే ప్రధాన కారణమని ఆ కంపెనీయే ప్రకటించింది. కోట్ల మంది ఫోన్లు ఒక తేదీ మీద ఆధారపడి ఉన్నాయని ఆ రోజు దాకా ఎవరి జాబితాలోనూ లేదు.

ఫైనల్_ఇయర్

నేను ఇంకా చదువుకుంటున్నాను, తప్పుగా అడిగితే క్షమించండి. కుబెర్నెటీస్‌కు సొంత సర్టిఫికెట్లు కూడా ఉంటాయి కదా, ఏపీఐ సర్వర్‌వి, క్లస్టర్ డేటాబేస్ అయిన ఈటీసీడీవి. వాటిని కూడా సర్ట్-మేనేజర్ చూసుకుంటుందా?

నల్లమల

చూసుకోదు. అడగాల్సిన ప్రశ్నే అడిగారు, ఇందులో క్షమాపణ ఏమీ అక్కర్లేదు. పాకాల గారూ, మీ డేటా సెంటర్ క్లస్టర్‌కు ఇది నేరుగా వర్తిస్తుంది. క్యూబ్‌ఏడీఎం ఇచ్చే కంట్రోల్ ప్లేన్ (క్లస్టర్‌ను నడిపించే భాగాలు) సర్టిఫికెట్లు మామూలుగా ఏడాదికి ముగుస్తాయి, వాటి సీఏ పదేళ్లకు. క్యూబ్‌ఏడీఎంతో వెర్షన్ అప్‌గ్రేడ్ చేసినప్పుడల్లా అవి దానంతటదే రెన్యూ అవుతాయి. ఏడాదిపాటు అప్‌గ్రేడ్ చేయకుండా వదిలేసిన క్లస్టర్‌లోనే ఇబ్బంది. ఒకరోజు క్యూబ్‌సీటీఎల్ పనిచేయడం మానేస్తుంది. పాడ్లు నడుస్తూనే ఉంటాయి, కానీ ఏదీ మార్చలేరు, సర్ట్-మేనేజర్ కూడా ఏమీ చేయలేదు. క్యూబ్‌ఏడీఎం సర్ట్స్ చెక్ ఎక్స్‌పిరేషన్ అని కొడితే జాబితా వస్తుంది, రెన్యూ ఆల్ అంటే రెన్యూ అవుతాయి, తర్వాత కంట్రోల్ ప్లేన్ పాడ్లు రీస్టార్ట్ చేయాలి. అడ్మిన్ కాన్ఫిగ్ ఫైల్ కూడా కొత్తది కాపీ చేసుకోవాలి. క్యూబ్‌లెట్ క్లయింట్ సర్టిఫికెట్ మాత్రం తానే తిప్పుకుంటుంది. మేనేజ్డ్ క్లస్టర్‌లో ఇవన్నీ క్లౌడ్ వాళ్ల బాధ్యత.

కృష్ణా_కరకట్ట

లోపలి సర్వీసుల మధ్య టీఎల్‌ఎస్ గురించి కూడా ఒక మాట. వాటికి పబ్లిక్ సీఏ వాడకండి, సొంత సీఏ పెట్టుకోండి. సర్ట్-మేనేజర్‌లో సీఏ ఇష్యూయర్ ఉంది, రహస్య కీలు భద్రపరిచే వాల్ట్ ఉన్నవాళ్లకు వాల్ట్ ఇష్యూయర్ ఉంది. ఇక్కడ అసలు కష్టం సర్టిఫికెట్ ఇవ్వడంలో లేదు, ఆ సీఏను అందరి చేతా నమ్మించడంలో ఉంది. సీక్రెట్‌లోనే సీఏ ఫైల్ కూడా వస్తుంది కదా, అదే నమ్మితే సరిపోతుందని చాలామంది క్లయింట్‌కు ఆ ఫైల్‌నే చూపిస్తారు. సీఏ మారిన రోజున సర్వర్‌కు ముందు కొత్త సర్టిఫికెట్ వస్తుంది, క్లయింట్ ఇంకా పాత సీఏనే నమ్ముతూ ఉంటుంది, సగం కాల్స్ తెగుతాయి. ట్రస్ట్-మేనేజర్ అని అదే ప్రాజెక్టులో ఇంకో భాగం ఉంది, నమ్మకమైన సీఏల మూటను అన్ని నేమ్‌స్పేస్‌లకూ పంచుతుంది. సీఏ మార్చేటప్పుడు ఆ మూటలో పాతదీ కొత్తదీ రెండూ కొంతకాలం ఉంచి, అన్ని సర్వీసులూ రెండింటినీ నమ్ముతున్నాయని తేలాకే కొత్త సీఏతో సంతకాలు మొదలుపెట్టాలి. పాతదానితో సంతకం చేసినవి అన్నీ ముగిశాక పాతదాన్ని తీసేయాలి.

డల్లాస్_తెలుగు

పబ్లిక్ వైపు కూడా ఒకే సీఏ మీద ఆధారపడకండి. 2020లో సీఏఏ తనిఖీ కోడ్‌లో లోపం బయటపడి లెట్స్ ఎన్‌క్రిప్ట్ 30 లక్షలకు పైగా సర్టిఫికెట్లను రద్దు చేయాల్సినవిగా గుర్తించింది, గడువు చాలా కొద్దిగా ఇచ్చింది. 2024 నవంబర్ 11 తర్వాత ఎంట్రస్ట్ అనే సీఏ ఇచ్చిన కొత్త సర్టిఫికెట్లను క్రోమ్ నమ్మడం మానేసింది. ఆక్మీ మాట్లాడే ఇంకో సీఏతో రెండో క్లస్టర్ ఇష్యూయర్ తయారుగా పెట్టుకోండి. అవసరం పడితే ఇష్యూయర్ పేరు మారిస్తే చాలు. సీఏఏ రికార్డులో రెండో సీఏ పేరు ముందే ఉండాలి సుమా.

ఇంగ్రెస్ ఎన్‌జిన్‌ఎక్స్ వాడుతుంటే అది కూడా ఈ ప్లాన్‌లో కలపండి. కుబెర్నెటీస్ సముదాయం నడిపిన ఆ ప్రాజెక్టు 2026 మార్చితో నిర్వహణ ఆపేస్తామని ప్రకటించింది. ఇంగ్రెస్ తర్వాతి తరం అయిన గేట్‌వే ఏపీఐకి సర్ట్-మేనేజర్ మద్దతు ఉంది కానీ కాన్ఫిగరేషన్‌లో విడిగా ఆన్ చేయాలి. రెండుసార్లు వలస వెళ్లే బదులు కొత్త సర్టిఫికెట్లు నేరుగా గేట్‌వే మీదే పెట్టుకోవడం మంచిది.

పాకాల_చెరువు

మీరందరూ చెప్పినట్టే స్టేజింగ్‌లో చేసి చూశాం. సీనేమ్ పద్ధతికి నెట్‌వర్క్ టీమ్ వెంటనే ఒప్పుకుంది. మొదటి ఆర్డర్ ఫెయిల్ అయింది, వరుసలో కిందికి దిగితే కారణం సీఏఏ రికార్డే, అందులో పాత సీఏ ఒక్కటే ఉంది. కొత్తది చేర్పించి సీఎంసీటీఎల్‌తో రెన్యూ కొడితే నిమిషాల్లో వచ్చింది. తర్వాత రాత్రి డ్యూటీ అన్న చెప్పిన సీరియల్ నంబర్ పరీక్ష చేశాం. గేట్‌వే వెనకవి అన్నీ పాస్. ఒక రిపోర్టింగ్ సర్వీస్ మాత్రం పాత నంబరే చూపించింది, చూస్తే సబ్‌పాత్ మౌంట్. దాన్ని మామూలు వాల్యూమ్‌గా మార్చి రీలోడర్ పెట్టాం. ఆ పరీక్ష లేకపోతే అది మూడు నెలల తర్వాత పేలేది. అన్నా, మీకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు.

మిగిలింది ఒకటే. ఒక భాగస్వామి కంపెనీ సర్వర్‌కు మేం మ్యూచువల్ టీఎల్‌ఎస్‌తో (రెండు వైపులా సర్టిఫికెట్ చూపించే పద్ధతి) కనెక్ట్ అవుతాం. ఇప్పటిదాకా వెబ్‌సైట్ సర్టిఫికెట్‌నే క్లయింట్ సర్టిఫికెట్‌గా చూపించేవాళ్లం. లెట్స్ ఎన్‌క్రిప్ట్‌తో కూడా అలాగే చేయొచ్చా?

భద్రతా_బెంచీ

చేయకండి. పబ్లిక్ సర్టిఫికెట్లలో క్లయింట్ గుర్తింపుకు వాడే అనుమతిని తీసేస్తున్నారు, క్రోమ్ రూట్ నిబంధనల వల్ల. లెట్స్ ఎన్‌క్రిప్ట్ 2026 ఫిబ్రవరి 11 నుంచి మామూలుగా ఇచ్చే వాటిలో అది లేకుండానే ఇస్తోంది. మిగతా సీఏలు కూడా అదే దారిలో ఉన్నాయి. సర్వర్‌గా పనిచేస్తుంది, క్లయింట్‌గా చూపిస్తే భాగస్వామి సర్వర్ తిరస్కరిస్తుంది.

ఆ కనెక్షన్ కోసం విడిగా ఒక సొంత సీఏ పెట్టండి, దాని నుంచి క్లయింట్ ఆథ్ అనే వాడకంతో సర్టిఫికెట్ రాయండి, రెన్యూవల్ సర్ట్-మేనేజరే చూసుకుంటుంది. భాగస్వామికి ఇవ్వాల్సింది సర్టిఫికెట్ కాదు, ఆ సీఏ. వాళ్లు దాన్ని నమ్మి, దానితో పాటు సర్టిఫికెట్‌లోని మీ సర్వీస్ పేరును తనిఖీ చేస్తే, మీరు ఎన్నిసార్లు రెన్యూ చేసినా వాళ్లకు చెప్పనక్కర్లేదు. మార్పిడి వారంలో పాత సర్టిఫికెట్‌నూ కొత్త సీఏనూ రెండింటినీ వాళ్ల వైపు అనుమతించమని రాతపూర్వకంగా అడగండి. వాళ్లు పెట్టామని చెప్పాక మీరు టెస్ట్ పాడ్ నుంచి కొత్త దానితో ఒకసారి కనెక్ట్ అయి చూసి, అప్పుడే అసలు సర్వీస్ మార్చండి. ఆ కంపెనీ వాళ్లు సీఏ కాకుండా ఒక్క సర్టిఫికెట్ వేలిముద్రనే (ఆ ఒక్కదానికే ఉండే హ్యాష్) నమోదు చేస్తామంటే మాత్రం ఇప్పుడే అభ్యంతరం చెప్పండి, లేకపోతే ప్రతి రెన్యూవల్‌కూ వాళ్లకు టికెట్ రాయాల్సి వస్తుంది.

పాకాల_చెరువు

అర్థమైందండీ. వాళ్లు ఇప్పుడు నమోదు చేసుకుంది వేలిముద్రే. సోమవారం వాళ్ల టీమ్‌తో కాల్ పెట్టాను, సీఏకు మారమని అడుగుతాను. వాళ్లు ఒప్పుకునేదాకా ఆ ఒక్క కనెక్షన్‌ను పాత సర్టిఫికెట్ మీదే ఉంచి, దానికి బయటి నుంచి అలర్ట్ పెట్టి, మిగతావన్నీ మారుస్తాం.